కోత వద్దన్న పిల్ల

వెండెల్ ట్రస్కాట్ పోయిన మూడో నెలలో, జూన్ మొదటి మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, అతని మనవరాలు కోరా గని కార్మికుల హాల్లోకి వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు, చంకలో తాత రేకు డబ్బా. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల పేకాట బిళ్ళలు గలగలమన్నాయి.

ఆ చప్పుడుకి ఎల్డన్ స్ప్రాగ్ చేతిలో ముక్కలు దించి తలెత్తాడు. ఇరవై ఏళ్ళు ప్రతి మంగళవారం విన్న చప్పుడు అది. మూడు నెలలుగా వినలేదు.

బల్ల దగ్గర ముగ్గురే ఉన్నారు. ఎల్డన్ ఒకడు. హైవే మీది కేసినోలో నలభై ఒక్క ఏళ్ళు ముక్కలు పంచి, వేళ్ళు వంకర్లు పోయాక మానుకున్నవాడు. రెండోవాడు బర్ల్, రాగి గనిలో మేడంత లారీలు తోలినవాడు. మూడోది ఓపల్, ఊళ్ళో ఉన్న ఒక్క బారునీ ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి. వెండెల్ పోయాక బిళ్ళలూ లేవు, నాలుగో చెయ్యీ లేదు. ఎండు చిక్కుడు గింజలు పోసుకుని ముగ్గురూ ఆడుతున్నారు. ముగ్గురి పోకరంటే ఉప్పులేని గంజి. ఇంకో నెలకి అదీ ఆగిపోతుందని ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఎల్డన్‌కి వారంలో మంగళవారం ఒక్కటే రోజు. మిగతా ఆరూ తన రేకుల ఇంట్లో కిటికీ పక్కన కుర్చీలో గడిచిపోతాయి.

"డబ్బా ఇచ్చిపోదామని వచ్చావా తల్లీ?" అంది ఓపల్.

"ఇవ్వడానికి కాదు, ఆడడానికి. బిళ్ళలు తాత నాకిచ్చాడు. బిళ్ళలు కావాలంటే నేను కూడా కావాలి."

బర్ల్ తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "అచ్చు వెండెల్ దిగొచ్చాడ్రా! బేరం చూడు, బేరం!"

"నవ్వకు. పదమూడేళ్ళ పిల్లకి పోకరేమిటి? పిల్లల చేతికి అగ్గిపెట్టె ఇస్తామా?" అంది ఓపల్.

"ఇవ్వకపోతే పొయ్యి వెలిగించడం ఎప్పుడు నేర్చుకుంటారే? నేను ఆరేళ్ళప్పుడు మా అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నా. చెడిపోయానా?"

"నిన్ను చూసే వద్దంటున్నా."

"ఇక్కడ డబ్బు ఏదీ? ఓడినవాడు కాఫీ కప్పులు కడుగుతాడు, అంతేగా. కప్పులు కడిగితే పిల్ల పాడైపోతుందా?"

"ఓడితే పాడవరు బర్ల్. నా బార్లో చూశాను కదా నేను. గెలిస్తేనే పాడయ్యేది."

ఇద్దరూ కాసేపు అట్లా కీచులాడుకుని, చివరికి ఎల్డన్ వైపు తిరిగారు. ముక్కలు పంచేది అతనే. ఆ బల్ల మీద ఆఖరి మాట అతనిదే. ఎల్డన్ మాట్లాడడం తక్కువ. బల్ల దగ్గర పంచేవాడికి నోరుండకూడదని కుర్రతనంలోనే నేర్పారు, ఆ అలవాటు బల్ల దాటి ఇంటికీ వచ్చేసింది.

ఏం చెప్పాలో అతనికి తెలుసు. కేసినోలో ఇరవై ఒకటి నిండని పిల్లల్ని ఎంతమందిని బల్ల దగ్గర్నించి తిప్పి పంపాడో లెక్కలేదు. కాని డబ్బా కళ్ళెదురుగా ఉంది. మూతకి వెండెల్ బొటనవేలు రాసుకుని రాసుకుని రంగు పోయిన చోటు కూడా కనిపిస్తూనే ఉంది.

"మీ అమ్మకి చెప్పావా?" అన్నాడు.

"చెప్పా."

"ఏమంది?"

"పని మీద ఉంది."

అది జవాబు కాదని ఎల్డన్‌కి తెలుసు. అయినా జవాబుగానే తీసుకున్నాడు.

"కూర్చో."

కోరా వెళ్ళి వెండెల్ కుర్చీలో కూర్చుంది. ఎల్డన్‌కి కుడిపక్క కుర్చీ అది.

పంచేవాడు పేక కలిపి కుడిపక్కవాడి ముందు పెట్టాలి. ఆ పక్కవాడు కట్టని రెండుగా తీసి, కిందది పైకి వేస్తాడు. అది కోత. కోత పడితే కట్టలో ఎవడు ఏం పేర్చినా గాలికి పోయినట్టే. నీ చేతి మీద నాకు నమ్మకముంది, కోత అక్కర్లేదు అనదలుచుకున్నవాడు కట్ట మీద వేలి కణుపుతో రెండుసార్లు తడతాడు. ఇరవై ఏళ్ళలో, ఎల్డన్ వేళ్ళు సహకరించని రోజున అతని కుర్చీలోకి మారి బర్ల్ పంచినప్పుడు వెండెల్ ప్రతిసారీ కోశాడు. ఓపల్ పంచినప్పుడూ కోశాడు. ఎల్డన్ పంచినప్పుడు ఒక్కసారి కూడా కొయ్యలేదు.

ఎల్డన్ పేక కలిపి పిల్ల ముందు పెట్టాడు. కోరా చిన్న కణుపుతో టక్ టక్ మని రెండుసార్లు తట్టింది.

"కొయ్యడం రాదేమో, చూపించు" అన్నాడు బర్ల్.

"వచ్చు. ఎల్డన్ తాత కట్ట కోస్తే ఎల్డన్ తాతని తిట్టినట్టేనని మా తాత చెప్పాడు."

ఓపల్ లేచి కాఫీ తేవడానికి వెళ్ళింది. కాఫీ అప్పటికే బల్ల మీద ఉంది.

*

ఆట మళ్ళీ ఆటయింది. హాల్లో నవ్వులు వినిపించాయి. ఓపల్ మళ్ళీ పీచుపళ్ళు పెట్టిన తీపి రొట్టె కాల్చి తేవడం మొదలుపెట్టింది.

పిల్ల చురుకు. మొదటి వారం రెండుసార్లు కప్పులు కడిగింది. చేతిలో మంచి ముక్క పడితే మొహం దీపంలా వెలిగేది, చెడ్డది పడితే పెదవి జారేది. బర్ల్ అది చూసి చూసి దోచేవాడు. రెండో వారం ఎల్డన్ ఆగలేకపోయాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆపి చెప్పాడు.

"మొహం మీద ఏమీ రాయకు."

"ఎట్లా?"

"ముక్కలు చూడకముందు ఏ మొహం ఉందో, చూశాక కూడా అదే ఉంచు. ఇంట్లో అద్దం ముందు చేసి చూడు."

అంతే. మూడో వారం పిల్ల మొహం గోడయింది. చేతిలో చెత్త ముక్కలు పెట్టుకుని బర్ల్‌ని బుకాయించి బల్ల మధ్య పందెం కుప్పంతా లాగేసింది.

"చూపించు! ఏముంది నీ దగ్గర?" అని బర్ల్ లబలబలాడాడు.

"చూడాలంటే బిళ్ళలు పెట్టి చూడాల్సింది తాతా. ముక్కలు పడేసినవాడికి చూపించరు."

"అబ్బో! పిల్ల కాదిది, పిడుగు. ఎల్డన్, నువ్వేగా నేర్పింది?"

ఎల్డన్ సంతోషం పట్టలేక ముక్కలు అవసరానికి మించి కలిపాడు. ఇంటికి వెళ్ళాక ఆ సంతోషం నిలవలేదు. నలభై ఒక్క ఏళ్ళలో తన బల్ల ముందు కూర్చుని ఓడినవాళ్ళ మొహాలు అతనికి గుర్తులేవు. ఓడినవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. మొదటి వారం గెలిచినవాళ్ళే గుర్తు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చారు, ముసలివాళ్ళయ్యేదాకా వచ్చారు. వాళ్ళలో వెండెల్ ఒకడు.

*

నాలుగో వారం శుక్రవారం మధ్యాహ్నం డార్లా వచ్చింది. వెండెల్ కూతురు, కోరా తల్లి. మందుల షాపులో పని చేస్తుంది. రక్తపోటు మాత్రలు ఎప్పుడూ ఎల్డనే వెళ్ళి తెచ్చుకుంటాడు. ఈసారి ఆమే పట్టుకొచ్చింది. మాత్రల కోసం ఈ మనిషి ఇంతదూరం రాలేదని గుమ్మంలోనే అర్థమైంది అతనికి.

"కూర్చోను బాబాయ్, అరగంటే ఉంది నాకు" అంటూనే కూర్చుంది. "కోరా బాగా ఆడుతోందట."

"ఊఁ."

"ఎంత బాగా?"

"మీ నాన్న కంటే."

డార్లా కళ్ళు మూసుకుంది. నిద్ర చాలని కళ్ళు. పొద్దున షాపు, సాయంత్రం మోటెల్లో లెక్కల పని, ఆ రెండిటి మధ్య పిల్ల.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు కొండ మీది ఇల్లు ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ చేశాం. గుర్తుందా నీకు?"

"ఉంది. సామాను మోసింది నా ట్రక్కే."

"కొత్త ఇంటి పక్కనే బడి ఉందన్నాడు నాన్న. నేను నమ్మాను. సంతోషపడ్డాను కూడా. ఇల్లు ముక్కల మీద పోయిందని ఆరేళ్ళ తర్వాత ఎవరో ఆకతాయి పిల్ల బస్సులో చెబితే తెలిసింది. ఈ ఇరవై ఏళ్ళూ ఉత్త బిళ్ళలతో ఆడాడు, నిజమే. అంతకుముందు ఆడినదో?"

"కోరాకి చెప్పావా?"

"ఆ పిల్లకి తాతంటే దేవుడు. మట్టి ఇంకా ఆరలేదు, ఆయన మీద ఏం చెప్పమంటావు?"

ఎల్డన్ మాత్రల సంచీ తీసి కిటికీ మీద పెట్టాడు.

"అదొక్కటే అయితే ఓర్చుకునేదాన్నే. మొన్న ఈతకొలను దగ్గర స్నేహితురాళ్ళు అందరి ముందూ దీన్ని వెక్కిరించి, వదిలేసి పోయారట. ఇంటికొచ్చింది. తింది, గిన్నె కడిగింది, పడుకుంది. మొహంలో గీత మారలేదు బాబాయ్. పక్కింటావిడ చెబితే తెలిసింది నాకు. పోయినేడాదైతే గుమ్మంలోనే భోరుమనేది. ఏమైంది అని అడిగితే 'ఏం కాలేదు' అంటుంది. మొహం చూస్తే నిజంగానే ఏం కాలేదనిపిస్తుంది. నా కడుపున పుట్టిన పిల్ల మొహం నాకే తెలియడం లేదు."

ఎల్డన్ తన వేళ్ళ కేసి చూసుకున్నాడు. అద్దం ముందు చేసి చూడు అని చెప్పిన నోరు తనది.

"వద్దని చెప్పు" అన్నాడు.

"చెబితే, తాత మిగిల్చిన ఒక్క వస్తువూ లాక్కున్నానని నా మీద పగబడుతుంది. ఇప్పటికే నాతో సరిగ్గా మాట్లాడదు. నువ్వు చెయ్యి బాబాయ్. ఓడించు. ఒకసారి, గట్టిగా. అది తనంతట తానే విసిగి మానాలి. ఏ ముక్క ఎవరికి పోవాలో నీ చేతుల్లోనే..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు కూడా. అతనికి ఆ విద్య వచ్చు. చిన్నప్పుడు ఓ ముసలి పంచేవాడు నేర్పాడు, దొంగని పట్టాలంటే దొంగతనం తెలియాలని. పేర్చిన కట్టలు ఎన్నో పట్టాడు గాని, తను ఒక్కటి పేర్చలేదు. హాల్లో కూడా పన్నెండేళ్ళ కింద లైమన్ అనేవాడు కట్ట పేరిస్తే పట్టింది ఎల్డనే. కట్ట పేర్చినవాడు ఈ బల్ల దగ్గర మళ్ళీ కూర్చోడు అని నలుగురూ అనుకున్నారు. లైమన్ కూర్చోలేదు. ఒంటరిగానే పోయాడు.

"నీకు అంత పెద్ద పని కాదుగా" అంది డార్లా. సంచీ తీసుకుని లేచింది. సరేనని గాని, కుదరదని గాని ఎల్డన్ అనలేదు. నోరు లేనివాడి మౌనాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు తీసుకుంటారు. ఆమె సరే అన్నట్టే తీసుకుని వెళ్ళింది.

*

సోమవారం పొద్దున ఎల్డన్ అలమరలోంచి, వెనక ఎర్రరంగున్న పేక కట్ట ఒకటి తీశాడు. హాల్లో ఆడేదీ అలాంటిదే. కిటికీ దగ్గర కూర్చుని పేర్చాడు. వేళ్ళు మొరాయించాయి, మళ్ళీ మొదట్నించి పేర్చాడు. కోరాకి మూడు రాణులు, రెండు ఏడులు. దాన్ని చూసి వెనక్కి తగ్గే మనిషి ఉండడు. బర్ల్‌కి నాలుగు అయిదులు. దాని ముందు రాణులు చిత్తు. కొంచెం కొంచెంగా ఓడిస్తే పిల్ల పట్టుదలకి పోతుంది. గెలిచాననుకుని ఉన్నదంతా తోసిన చోట ఓడిపోతే, అప్పుడు లోపల ఏదో తెగుతుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మంగళవారం పొద్దున ఆ కట్టని బనీను లోపల పెట్టుకున్నాడు. ఆడుతున్న కట్ట చేతుల వేడికి వెచ్చగా ఉంటుంది, బయటినుంచి మార్చిన కట్ట చల్లగా తగులుతుంది. తెలిసినవాడు అక్కడే పట్టేస్తాడు. వెచ్చగా ఉంచాలి. అదీ ఆ ముసలివాడు నేర్పిందే. పొద్దంతా గుండెకి ఆనుకుని కట్ట ఒరుసుకుంటూనే ఉంది.

హాల్లో ఫ్యాను తిరుగుతోంది. మొదటి అరగంట మామూలుగా సాగింది. కోరా ముందు బిళ్ళలు గుట్టగా పెరిగాయి. ఓపల్ తీపి రొట్టె కోసి పళ్ళాలు అందిస్తోంది, బర్ల్ లారీ బ్రేకులు పడక గని అంచున వేలాడిన కథ నూటొకటోసారి చెబుతున్నాడు.

"పోయినసారి లారీ ముందు చక్రం ఒక్కటే గాల్లో ఉందన్నావు, ఇవాళ రెండూ ఉన్నాయేం?" అంది ఓపల్.

"అప్పటికి కథ ముదరలేదు."

అందరూ నవ్వారు. అందరి కళ్ళూ బర్ల్ మీదే. ఎల్డన్ చెయ్యి ఆడుతున్న కట్టతో బల్ల కిందికి వెళ్ళి, బనీనులోని కట్టతో పైకి వచ్చింది. ఎవరూ చూడలేదు. అంత తేలిగ్గా అయిపోతుందని అతను కూడా అనుకోలేదు. కలుపుతున్నట్టే కలిపాడు. ఒక్క ముక్క కదలలేదు. కట్ట తెచ్చి కుడిపక్కన పిల్ల ముందు పెట్టాడు.

కోరా నోట్లో రొట్టె ఉంది. నములుతూనే చెయ్యి చాపి టక్ టక్ మని తట్టింది.

ఎల్డన్ కట్ట తియ్యలేదు.

"కొయ్యి" అన్నాడు.

"ఆఁ?"

"ఇవాళ కొయ్యి."

"ఎందుకు?"

"ఊరికే. కొయ్యి."

కోరా నవ్వింది. ఇన్ని వారాలూ గోడలా ఉంచుకున్న మొహం ఆ ఒక్క క్షణం తలుపు తీసినట్టయింది. "నన్ను పరీక్షిస్తున్నావు కదూ తాతా? కొయ్యను" అని మళ్ళీ తట్టింది. ఈసారి మూడుసార్లు.

పంచాడు. పంచేటప్పుడు వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది.

కోరా ముక్కలు ఎత్తి చూసింది. మొహం కదలలేదు. కాని ఆ పిల్ల మడమ బల్ల కాలిని తన్నుతోంది. చిన్నగా, గబగబా. బల్ల చెక్కలోంచి ఆ అదురు ఎల్డన్ మోచేతికి తెలుస్తోంది. ఆమె అయిదు బిళ్ళలు పెట్టింది. ఓపల్ ముక్కలు పడేసింది, ఎల్డన్ కూడా పడేశాడు. బర్ల్ మెడ ఎర్రబడింది, పది పెట్టాడు. నచ్చని ముక్కలు పడేసి కొత్తవి తీసుకునే వంతు వచ్చినా ఇద్దరూ మార్చుకోలేదు.

"ఓహో, ముసలాయన దగ్గర ఏదో ఉంది" అంది కోరా, ఇరవై తోసింది.

"ఉందో లేదో పెట్టి చూడవే పిడుగా" అని బర్ల్ ఉన్నదంతా ముందుకి తోశాడు.

కోరా రెండు చేతులూ గుట్ట చుట్టూ వేసింది. తాత బిళ్ళలన్నీ. మొత్తం నెట్టబోయింది.

ఎల్డన్ చెయ్యి తీసి మధ్య కుప్ప మీద బోర్లించాడు.

"ఈ పంపకం చెల్లదు" అన్నాడు.

"ఏం చెల్లదు? ఎందుకు చెల్లదు?" అని అరిచాడు బర్ల్.

"కట్ట పేర్చాను. నేనే."

కోరా చేతులు గుట్ట చుట్టూనే ఆగిపోయాయి. తర్వాత బర్ల్ తన ముక్కలు వెల్లకిలా పరిచాడు. నాలుగు అయిదులు. వాటి కేసి చూస్తూ ఏడుపు గొంతుతో అన్నాడు:

"డెబ్భై రెండేళ్ళొచ్చాయిరా నాకు. నా బతుకులో మొదటిసారి నాలుగు ఒకటే రకం పడ్డాయి. ఇంకొక్క నిమిషం ఆగి చెబితే నీ సొమ్మేం పోయింది?"

"నోర్ముయ్ బర్ల్" అంది ఓపల్. ఆమె కోరా ముందున్న ముక్కల్ని తిప్పింది. రాణులూ ఏడులూ చూసింది. ఎల్డన్‌ని చూసింది. బార్లో అంతమందిని చూసిన మనిషి, ఆమెకి విడమర్చి చెప్పక్కర్లేదు. "పిల్ల మీదా?" అంది.

"ఊఁ."

"ఎందుకు?" అంది కోరా. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

ఎల్డన్ మిగిలిన కట్టని బల్ల అంచుకి జరిపాడు.

"లైమన్‌ని ఈ బల్ల దగ్గర్నించి లేపి పంపింది నువ్వే" అంది ఓపల్. అలసిపోయినట్టు అంది. "నాకు చెప్పాలని లేదు ఎల్డన్. నా చేత చెప్పించకు."

"అక్కర్లేదు" అన్నాడు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బర్ల్ అతని మోచెయ్యి పట్టుకోబోయి మానుకున్నాడు.

*

హాలు బయట కూర్చునే బల్ల ఒకటి ఉంది. ఎండ దాని మీద సగం పడింది. నీడ ఉన్న సగంలో కూర్చున్నాడు. రోడ్డు మీద ఒక్క బండి లేదు. గని మట్టిదిబ్బ మీంచి దుమ్ము లేచి మళ్ళీ కూర్చుంటోంది.

కోరా బయటికి వచ్చింది. చేతిలో ఫోను.

"అమ్మని రమ్మన్నాను" అంది. రెండో చివర, ఎండలో కూర్చుంది. "నువ్వు చెప్పకపోతే నేను అంతా పెట్టేదాన్ని."

"తెలుసు."

"ఓడిపోయేదాన్ని."

"ఊఁ."

"ఓడిపోయి, నేనే చెడ్డగా ఆడాననుకునేదాన్ని. ఇంటికెళ్ళి పడుకుని అదే అనుకుంటూ ఉండేదాన్ని. రాణులు పెట్టుకుని ఏం తప్పు చేశానా అని."

"అవును."

"నువ్వు కొయ్యమన్నావు. నేను కోసుంటే?"

"బాగుండేది."

"నేను నవ్వాను. పరీక్ష అనుకున్నాను." అప్పుడు ఏడుపు వచ్చేసింది పిల్లకి. చిన్నపిల్లలా, ముక్కు కారుతూ, చొక్కా చేతికి తుడుచుకుంటూ ఏడ్చింది. "మా తాత ఇరవై ఏళ్ళు కొయ్యలేదు. ఆయనకి కూడా ఇట్లాగే చేశావా?"

"లేదు."

"నేనెట్లా నమ్మాలి?"

 వెండెల్ ఉంటే వెండెల్ చెప్పేవాడు. ఇరవై ఏళ్ళ పంపకాల్లో ఒక్కటి కూడా ఎల్డన్ ఇప్పుడు రుజువు చెయ్యలేడు.

"నమ్మకు" అన్నాడు చివరికి. "ఎవరు పంచినా కొయ్యి. దేవుడు పంచినా సరే. కొయ్యడం తిట్టు కాదు. మీ తాత నీకు తప్పు చెప్పాడు. నేను విని సంతోషించాను, నాదీ తప్పే."

డార్లా కారు వచ్చి ఆగింది. షాపు తెల్లకోటు అలాగే ఉంది ఒంటి మీద. కూతురు ఏడవడం చూసి పరుగున వచ్చింది.

"ఎల్డన్ తాత కట్ట పేర్చాడమ్మా. నా బిళ్ళలన్నీ పోవాలని. చెప్పి లేచొచ్చేశాడు. ఎందుకో చెప్పడు."

డార్లా అతని వైపు చూసింది. ఎల్డన్ రోడ్డు వైపు చూశాడు. ఊరుకుంటే చాలు, తప్పంతా ముసలివాడిదై పోతుంది. ముసలివాడికి ఇంకో నాలుగైదేళ్ళు ఉంటే ఎక్కువ. అతనికి అభ్యంతరం లేదు. పంచేవాడు ఎవరి చేతిలో ఏముందో చెప్పడు.

 డార్లా కోటు జేబులో తాళాలు గలగలలాడించింది.

"నేనే అడిగాను" అంది.

కోరా ఏడుపు ఆగింది.

"నేను అడిగాను ఆయన్ని. నిన్ను ఓడించమని. వద్దని నీతో చెప్పే ఓపిక లేక. చెబితే పోట్లాడతావని, పోట్లాడే ఓపిక కూడా లేక."

"నా బిళ్ళలు. నా తాత బిళ్ళలు."

"నా నాన్న బిళ్ళలు" అంది డార్లా. గట్టిగా అనలేదు. బల్ల మీద ఇద్దరి మధ్య కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తొమ్మిదేళ్ళప్పుడు ఖాళీ చేసిన ఇంటి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. తన గది గోడ రంగు దగ్గర్నించి చెప్పింది. బస్సులో పిల్ల అన్న మాట దాకా చెప్పింది. ఎల్డన్ లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. మధ్యలో లేస్తే మాట తెగుతుందని కదలకుండా ఉండిపోయాడు. ఎండ జరిగి అతని బూట్ల మీదికి వచ్చింది.

కోరా అంతా విని కాలితో మట్టిలో గీత గీసింది.

"తాత నాకు చెప్పలేదు."

"నాకూ చెప్పలేదు."

"మరి నన్నెందుకు కూర్చోనిచ్చావు తాతా? నీకు తెలుసుగా అంతా" అంది కోరా, తల్లి భుజం మీంచి వంగి ఎల్డన్‌ని చూస్తూ.

"బిళ్ళల చప్పుడు విని" అన్నాడు.

డార్లా లేచింది. "లోపలికెళ్ళి డబ్బా తెచ్చుకో. పోదాం."

"ఉండనీ. వాళ్ళు దేంతో ఆడతారు?"

"నువ్వో? వచ్చే వారం?"

"తెలీదు. నువ్వు అడుగుతున్నావా, వద్దంటున్నావా?"

"నాకూ తెలీదు. ఇంటికెళ్ళాక వద్దంటానేమో. అప్పుడు పోట్లాడుకుందాం."

కోరా ముక్కు ఎగబీల్చి కారు ఎక్కింది. ఎల్డన్‌కి వస్తానని చెప్పలేదు. డార్లా తలుపు తీసి కూర్చుంది. కారు మందుల షాపు వైపు కాకుండా ఇంటి వైపు తిరిగింది.

హాలు తలుపు తెరుచుకుంది. ఓపల్ అతని టోపీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మర్చిపోయావు."

తీసుకున్నాడు.

"బర్ల్ ఆ అయిదుల్ని ఇంకా చూస్తున్నాడు" అంది. "లోపల ఇద్దరమే ఇప్పుడు."

"ఊఁ."

"రొట్టె ముక్క మిగిలింది. కాగితంలో చుట్టివ్వనా?"

"వద్దులే."

 ఓపల్ తలుపు వేసుకుంది. ఎల్డన్ ట్రక్కులో కూర్చుని తాళం తిప్పాడు. గడియారం మూడుంపావు చూపించింది. మామూలుగా ఆట అయిదింటిదాకా సాగుతుంది. ఎటు వెళ్ళాలో వెంటనే తోచక, ఇంజను అలా నడుస్తుండగా కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఇంటికే వెళ్ళాడు.